చిక్కడపల్లి మసిని విడదీసిన పనితనం

సుప్రీంకోర్టు ఆదేశం తర్వాత 2005లో హైదరాబాద్ గాలిలోని దుమ్ము, పొగ ఎక్కడెక్కడి నుంచి వస్తున్నాయో తేల్చే అధ్యయనం ఒకటి జరిగింది. నమూనాలు పట్టిన మూడు చోట్లలో చిక్కడపల్లి ఒకటి. మిగతావి పంజాగుట్ట, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ. శరత్ గుట్టికుండ, ఆయన సహచరులు ఆ ఫలితాలను 2013లో పత్రంగా వెలువరించారు. చిక్కడపల్లి పక్కనున్న నారాయణగూడ, అశోక్‌నగర్ వాసులంతా చదవదగిన పత్రమది.

ముందుగా మెచ్చుకోవాల్సింది చోట్ల ఎంపిక. చిక్కడపల్లిలో ఇరుకు సందులు, దుకాణాలు, తెరిపిలేని బస్సులు. యూనివర్సిటీ ఊరి అంచున చెట్ల మధ్య ఉంది. రెండు చోట్లా సమంగా కనబడేది చాలావరకు గాలివాటున వచ్చింది, ఇక్కడ అదనంగా తేలింది మన వీధులది. పైగా మూడు రుతువుల్లోనూ పట్టారు. పీఎం10 (పది మైక్రాన్లలోపు కణాలు), పీఎం2.5 (రెండున్నర మైక్రాన్లలోపు కణాలు) కలిపి 180 నమూనాలు.

ఇలాంటి అధ్యయనాల్లో అసలు సొగసు కార్బన్‌ని కొలవడంలో ఉంది. క్వార్ట్జ్ ఫిల్టర్ ముక్కను ముందు హీలియంలో, ఆక్సిజన్ తగలనివ్వకుండా, అంచెలంచెలుగా వేడిచేస్తారు. కట్టెల పొగలో, చెత్త పొగలో మెండుగా ఉండే సేంద్రియ కార్బన్ ఆవిరైపోతుంది. తర్వాత ఆక్సిజన్ వదిలితే మసి కాలుతుంది. కానీ సేంద్రియ పదార్థంలో కొంత హీలియంలోనే మాడి నల్లబడుతుంది. దాన్ని మసి ఖాతాలో రాస్తే లెక్క తప్పుతుంది. అందుకే ఫిల్టర్ మీద లేజర్ కాంతి వేసి ఉంచుతారు. మాడేకొద్దీ తిరిగొచ్చే కాంతి తగ్గుతుంది. ఆక్సిజన్ సోకి ఆ మాడు కాలిపోయేసరికి కాంతి మొదటి స్థాయికి వస్తుంది. సరిగ్గా ఆ క్షణమే హద్దు: అంతవరకు వచ్చింది సేంద్రియం, ఆపైన వచ్చింది మసి. కంటికి ఒకే నలుపుగా కనిపించేదాన్ని ఇంత నేర్పుగా రెండుగా చీల్చడం నాకెప్పుడూ అబ్బురమే.

ఇక మూలాల లెక్క. డీజిల్ పొగలో మసి పాలు ఎక్కువ, కట్టెల పొగలో పొటాషియం, రోడ్డు దుమ్ములో సిలికాన్, అల్యూమినియం. ఏది ఎంత కలిస్తే ఫిల్టర్ మీది మిశ్రమం వస్తుందో కెమికల్ మాస్ బ్యాలెన్స్ పద్ధతి వెనక్కి గుణిస్తుంది. పీఎం10లో వాహనాల పొగ, రోడ్డు దుమ్ము కలిసి 60 శాతం దాటాయి. పీఎం2.5లో వాహనాలతోపాటు పరిశ్రమల బొగ్గు, చెత్త మంటలు, గాలిలోనే వాయువుల నుంచి పుట్టే కణాలు ఉన్నాయి.

180 నమూనాలను చోట్లకు, రుతువులకు, పరిమాణాలకు పంచితే సగటున పదేసి. గంటగంటకూ మసి ఎలా మారుతుందో వాటిలో దొరకదు. ఆ లోటును నగరంలోనే నేషనల్ రిమోట్ సెన్సింగ్ ఏజెన్సీ శాస్త్రజ్ఞులు కె.వి.ఎస్. బదరీనాథ్, కె. మాధవీలత ఎథలోమీటర్‌తో పూరించారు. ఫిల్టర్ టేపు నల్లబడే వేగాన్ని బట్టి మసిని లెక్కకట్టే పరికరమది. ఉదయం, రాత్రి మసి పెరుగుతుంది. మధ్యాహ్నం నేల వేడికి గాలి పైదాకా కలిసి పలచబడుతుంది. చలికాలంలో ఆ కలిసే పొర కుంచించుకుపోయి మసి పేరుకుంటుంది, వానాకాలంలో కడుక్కుపోతుంది.

2020 ఫిబ్రవరి నుంచి ఆర్టీసీ క్రాస్‌రోడ్స్, చిక్కడపల్లి, నారాయణగూడ మీదుగా మెట్రో నడుస్తోంది. అశోక్‌నగర్ గదుల్లో వేలమంది యువతీయువకులు పోటీ పరీక్షలకు చదువుతూ ఈ గాలే పీలుస్తున్నారు. 2005 తర్వాత ఈ గాలి ఎంత మారిందో తేలాలంటే కాలుష్య నియంత్రణ మండలి అదే చిక్కడపల్లిలో, అవే మూడు రుతువుల్లో, అదే పద్ధతిలో మళ్లీ ఫిల్టర్లు పెట్టాలి. ఈసారి పదేసి చాలవు, ఇంకా ఎక్కువ పట్టాలి.