నవ్వు వెనకాల తీర్పు

2003 అక్టోబరు 1న బ్రహ్మోత్సవాలకు పట్టువస్త్రాలు సమర్పించడానికి తిరుమల వెళుతున్న ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడి కాన్వాయ్ మీద అలిపిరి దగ్గర పీపుల్స్‌వార్ మందుపాతరలు పేల్చింది. ఆయన గాయాలతో బయటపడ్డారు. నవంబరులో శాసనసభ రద్దయింది. మరుసటి ఏడాది ముందస్తు ఎన్నికల్లో తెలుగుదేశం ఓడిపోయింది. రాజకీయ కార్టూనిస్టుకు ఆ కొన్ని నెలలకు మించిన పరీక్ష ఉండదు. గాయపడ్డ మనిషిని వెక్కిరించడం అమానుషం. అలాగని సానుభూతి ఓట్ల లెక్కలు మొదలయ్యాక కూడా కుంచె కదపకపోతే చేస్తున్న పనికే ద్రోహం. మనిషి నొప్పి ఎక్కడ ఆగింది, దాని మీద రాజకీయం ఎక్కడ మొదలైంది అన్నది అతను ప్రతి సాయంత్రం, పేజీలు అచ్చుకు వెళ్లేలోగా, తేల్చుకోవాలి.

అందుకే రాజకీయ కార్టూన్‌ను నవ్వుల ఖాతాలో వేస్తే నాకు బాధగా ఉంటుంది. అందులో నవ్వు పనిముట్టు మాత్రమే, అసలు సరుకు తీర్పు. సంపాదకీయం రాసేవాడికి రెండు కాలమ్‌ల చోటుంటుంది, ‘అయినప్పటికీ’ అని వెనక్కి తగ్గే వీలుంటుంది. కార్టూనిస్టుకు ఆ వీలు లేదు. ఎవరిది తప్పో బొమ్మలోనే తేలిపోవాలి.

తెలుగులో కార్టూన్‌కు ఆద్యుడు తలిశెట్టి రామారావు. 1930ల నాటికే ‘భారతి’లో ఆయన బొమ్మలు వచ్చాయి. ఆయన పుట్టిన మే 20ని తెలుగు కార్టూనిస్టులు తమ పండుగగా జరుపుకుంటారు. బాపు కూడా ఆంధ్రపత్రికలో రాజకీయ కార్టూన్లు వేసినవారే. అయితే రోజూ పొద్దున్నే పత్రిక తీయగానే కార్టూన్ వెతుక్కునే అలవాటు మనకు 1980లలో బలపడింది. దానికి కారణాల్లో ఎన్టీఆర్ ఒకరు. 1982 మార్చి 29న పార్టీ పెట్టి, తొమ్మిది నెలలు తిరగ్గానే అధికారంలోకి వచ్చారు. ఆ ఎన్నికల్లో గుడివాడతో పాటు మన తిరుపతిలోనూ గెలిచారు. కాషాయ బట్టలు, చైతన్యరథం, వేదిక మీద ఆ గొంతు చూస్తే కార్టూనిస్టుకు వడ్డించిన విస్తరే అనిపిస్తుంది. నిజానికి అదే చిక్కు. ఆయన వేషాన్ని ఎంత పెద్దది చేసి గీస్తే ఆయనకు అంత ఘనత చేకూరుతుంది. వేషాన్ని దాటి నడక, చూపు, చేతుల తీరు పట్టుకున్నవాడి బొమ్మే నిలిచింది. క్యారికేచర్‌లో కిటుకంతా ఇదే. ముక్కును సాగదీయడం ఎవరైనా నేర్చుకుంటారు. ఆ మనిషి దేన్ని దాచుకుంటున్నాడో దాన్ని సాగదీయడానికి ఏళ్లు పడుతుంది.

‘ఈనాడు’లో శ్రీధర్ సుమారు నాలుగు దశాబ్దాలు, 2021 దాకా, ఈ పని చేశారు. ఆయన పాకెట్ కార్టూన్‌కు ‘ఇదీ సంగతి’ అని పేరు. పాకెట్ కార్టూన్ వేయడం పెద్ద బొమ్మకంటే కష్టం. ఒక్క కాలమ్ వెడల్పు, ఇద్దరు మనుషులు, ఒక్క మాట. మాట్లాడేది మంత్రి కాదు, మంత్రి మాట విన్న మామూలు మనిషి. మాటలో ఒక్క పదం ఎక్కువైతే చురక చప్పబడుతుంది. సామెతను కొంచెం వంచడం, సినిమా డైలాగుకు కొత్త సందర్భం కట్టడం, యముడినో నారదుడినో సచివాలయానికి నడిపించడం తెలుగు కార్టూనిస్టుకు పెరటి విద్యలు. చదువు రాని అవ్వ కూడా మయసభలో జారిపడినవాణ్ని గుర్తుపడుతుంది.

కార్టూనిస్టు మోహన్ పని వేరు. ‘ఉదయం’ పత్రిక రోజుల నుంచి ఆయన బ్రష్షు గీతలు చూసి ఎందరో కుర్రాళ్లు ఈ దారి పట్టారు. ‘కార్టూన్ కబుర్లు’ పుస్తకంలో తాను నేర్చుకున్నదంతా పంచిపెట్టారు. ఆంధ్రజ్యోతి శేఖర్‌ను తలచుకుంటే మాత్రం గొంతు పట్టేస్తుంది. కేన్సర్‌తో పోరాడుతూనే బొమ్మలు వేశారు. కులం మీద వేసిన కార్టూన్లకు ‘క్యాస్ట్ క్యాన్సర్’ అని పేరు పెట్టారు. తెలంగాణ ఏర్పడటానికి సరిగ్గా రెండు వారాల ముందు, 2014 మే 19న వెళ్లిపోయారు. అదే ఏడాది పామర్తి శంకర్ గీసిన మండేలా క్యారికేచర్‌కు వరల్డ్ ప్రెస్ కార్టూన్ పోటీలో గ్రాండ్ ప్రీ వచ్చింది.

తిరుపతి వార్తను బొమ్మ కట్టాలంటే ఇంకో నేర్పు కావాలి. దర్శనం చేసుకుని బయటికి రాగానే మైకుల ముందు ప్రత్యర్థిని తిట్టే నాయకులను ఏళ్ల తరబడి చూశాం. చివరికి 2024 నవంబరులో టీటీడీ కొండ మీద రాజకీయ ప్రసంగాలను నిషేధించింది. అంతకు రెండు నెలల ముందే లడ్డూ నెయ్యి వివాదం రేగింది. ఇలాంటప్పుడు గీత అంగుళం పక్కకు జరిగినా భక్తుడి మనసుకు తగులుతుంది. కార్టూనిస్టు గురి దేవుడి మీద ఉండకూడదు, ఆయన పేరు వాడుకునే మనిషి మీద ఉండాలి. ఆరోపణను రుజువైన నేరంగా గీయకూడదు. భయపడి ఊరుకోనూ కూడదు.

భయపడని గీతకు ఎంత బలముంటుందో అమెరికా చూసింది. అక్కడి కార్టూనిస్టు థామస్ నాస్ట్ 1871లో న్యూయార్క్ నగర ఖజానాను దోచిన ట్వీడ్ ముఠాను ‘హార్పర్స్ వీక్లీ’ బొమ్మలతో వెంటాడాడు. పారిపోయిన ట్వీడ్‌ను 1876లో స్పెయిన్‌లో గుర్తుపట్టడానికి పనికొచ్చింది నాస్ట్ బొమ్మే. ఆ దేశంలోనే 2025 జనవరిలో కార్టూనిస్టు యాన్ టెల్నేస్ ‘వాషింగ్టన్ పోస్ట్’ వదిలేశారు. పత్రిక యజమాని సహా కుబేరులు ట్రంప్ ముందు మోకరిల్లినట్టు ఆమె వేసిన కార్టూన్‌ను పత్రిక వేసుకోలేదు. కొన్ని నెలలకే ఆమెకు పులిట్జర్ వచ్చింది.

మన దగ్గర గోడు ఇంకా లోతైంది. ఏ పత్రిక ఏ పార్టీకి దగ్గరో అలిపిరి బస్సుల దగ్గర టీ తాగేవాళ్లు కూడా చెప్పగలరు. దాంతో ఒక్కో కార్టూనిస్టుకు సగం మంది నాయకులే దక్కుతున్నారు, మిగతా సగం పక్క పత్రిక వాటా. ఇంత ప్రతిభ ఉన్న చేతిని సగానికి కట్టేయడం పాఠకుడికి జరుగుతున్న నష్టం. తమ యజమాని మెచ్చే నాయకుడి మీద కూడా కార్టూన్ వేసే స్వేచ్ఛను సంపాదకులు ఇవ్వాలి.

పాఠకులు చేయగలిగిందీ ఒకటుంది. ఇంట్లో పాత పత్రికల కట్టలుంటే తూకానికి వేసే ముందు కార్టూన్లు కత్తిరించి, తేదీ, ఆ రోజు జరిగిన సంగతి కింద రాసిపెట్టండి. సంగతి మరిచిపోతే బొమ్మ సగం చచ్చిపోతుంది. శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం వంటి చోట్ల వాటికొక గది కేటాయించమని అడగండి.