విషకన్య వైపు నిలబడి

రావిశాస్త్రి, కారా మాస్టారి వాస్తవిక కథలు చదువుతూ పెరిగినవాణ్ణి. రాజులు, మాయలు, ప్రేమలు కలగలిసిన నవల కనిపిస్తే పక్కన పెట్టేసేవాణ్ణి. ఈమధ్య అడివి బాపిరాజు (1895–1952) ‘హిమబిందు’ పట్టుకుని చివరిదాకా చదివాను. శాతవాహనుల కాలం, ధాన్యకటకం, వర్తకుడి కూతురు హిమబిందు, ఆమె మీద మనసుపడ్డ శిల్పి సువర్ణశ్రీ. ఇంతవరకూ చరిత్రే అనుకోవచ్చు. కానీ ఇందులో యువరాజును చంపడానికి పసితనం నుంచీ విషం అలవాటు చేసి పెంచిన అమ్మాయి, విషకన్య, కూడా ఉంది.

‘ఇలా ఎక్కడన్నా జరుగుతుందా?’ నాకు ముందుగా వచ్చే ప్రశ్న ఇదే. దాన్ని వదలకపోతే ఈ నవల సాగదు.

మా ఉప్పాడలో తుఫాను వెళ్ళాక జనం ఒడ్డున ఇసుక జల్లించి బంగారం రవ్వలు వెతుకుతారు. 2020 నవంబరులో నివర్ తుఫాను తర్వాతా వెతికారు. కడలి మింగేసిన పాత ఇళ్ళవీ గుళ్ళవీ అంటారు. వాళ్ళని నేనెప్పుడూ రుజువు అడగలేదు. ఇళ్ళు పోయిన ఊరి మాట అది, విన్నాను. విషకన్యనీ అలాగే ఒప్పుకున్నాను. ఆ తర్వాత అడగాల్సింది వేరే ఉంది: తాకితే మనిషి చచ్చిపోయే పిల్లకి ఒకడి మీద ప్రేమ పుడితే ఆమె గతేం కావాలి? పెద్దల పగకి పిల్లల్ని ఆయుధాలుగా పెంచడం నాకు తెలిసిన లోకంలో లేనిదేం కాదు.

విశాఖదత్తుడి ‘ముద్రారాక్షసం’లోనూ విషకన్య ఉంది. చంద్రగుప్తుడి కోసం పంపితే చాణక్యుడు పర్వతకుడి మీదికి మళ్ళిస్తాడు, అతను చస్తాడు. ఆమె రంగం మీదికి రాదు, పేరు కూడా లేదు. రాజనీతి బాగా తెలిసిన నాటకం, నా అభిరుచికి దగ్గరైనది. అయినా ఆ పిల్ల ఏమైందో అది పట్టించుకోదు. బాపిరాజు పట్టించుకున్నాడు. అందుకాయనకి ప్రేమకథే కావలసివచ్చింది. ఈ తరహా నవల మీద నాకు గౌరవం పుట్టింది ఇక్కడే.

నచ్చనివీ ఉన్నాయి. ఆయన చిత్రకారుడు కూడా కాబట్టి నగలూ వస్త్రాలూ వర్ణించడం మొదలుపెడితే ఓపట్టాన ఆపడు. అక్కడ వేగంగా చదివాను, ఆ అమ్మాయి వచ్చిన చోటల్లా నెమ్మదించాను. ఇప్పుడు ఆయనదే ‘అడవి శాంతిశ్రీ’ తీశాను. ఈసారి ఇక్ష్వాకుల కాలం, కృష్ణ ఒడ్డున విజయపురి.