తెరమీది పంట, చేలోని పంట

అనంతపురము పీఠభూమిలో ఏటా కురియు సగటు వర్షము సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. ఆ కొద్దిపాటి వానయైనను అంతటను ఒకే తీరున పడదు. ఒక ఊరి పొలిమేర తడిసి, ప్రక్క ఊరి పొలిమేర ఎండియుండుట అచ్చటివారికి వింత కాదు. ఎర్రనేలలో వేసిన వేరుసెనగ ఊడలు దిగు సమయమున వాన ముఖము చాటుచేసినచో, రైతు కష్టము మన్నుపాలగును. ఇట్టి సీమలో "ఇట్లు చేయుము, పంట పండును" అని బోధించుట తేలిక పని కాదు. ఆ మాట తప్పినచో నష్టపడువాడు చెప్పినవాడు కాదు, విన్నవాడు. కనుక స్వచ్ఛంద సంస్థలు పల్లెలలో చూపు దృశ్యపాఠములను పరీక్షించునపుడు శాస్త్రముతోపాటు నీతిని గూడ విచారింపవలసియున్నది.

తెరద్వారా పల్లెకు పాఠము చెప్పుట క్రొత్త ఆలోచన కాదు. 1975 ఆగస్టు మొదలు 1976 జూలై వరకు భారత అంతరిక్ష పరిశోధన సంస్థ, అమెరికా వారి ఉపగ్రహ సహాయమున, ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు టెలివిజన్ కార్యక్రమములను అందజేసెను. అది గొప్ప ప్రయోగమే. కాని పాఠము ఆకాశమునుండి దిగెను, పల్లె వినెను. పల్లె తిరిగి పలుకుటకు ఆ పెట్టెలో త్రోవ లేదు. బ్రెజిల్ దేశపు విద్యావేత్త పౌలో ఫ్రేరే 1969లోనే వ్యవసాయ విస్తరణ పద్ధతులను విమర్శించుచు, జ్ఞానమును ఒకరినుండి మరియొకరికి మూటగా అందించుట విద్య కాదనియు, ఇరువురును కూడి ఆలోచించుటయే విద్య యనియు వాదించెను.

ఈ లోపమును కొంత తీర్చినది 'డిజిటల్ గ్రీన్' పద్ధతి. 2006లో బెంగుళూరులోని మైక్రోసాఫ్ట్ పరిశోధనశాలలో మొదలైన ఈ ప్రయత్నము 2008లో ప్రత్యేక సేవాసంస్థగా వెలసి, తరువాత ఆంధ్రప్రదేశ్‌లో గూడ పనిచేసినది. ఇందు పాఠము చెప్పువాడు పట్టణపు నిపుణుడు కాదు, ఆ ప్రాంతపు రైతే. చిన్న ప్రొజెక్టరుతో చూపుచు, నడుమ నడుమ ఆపి, సంఘములోని స్త్రీపురుషులను ప్రశ్నించుటకు ఒక కార్యకర్త యుండును. చూచువారు మొట్టమొదట అడుగు ప్రశ్న "ఆ రైతు ఎవరు? ఏ ఊరు?" అని సంస్థ స్థాపకులే చెప్పియున్నారు. చదువు రానివారికి గూడ పాఠము తమ యాసలో, తమవంటివాని నోట వినబడుట ఈ పద్ధతికి గల నిజమైన గుణము.

అయితే ఈ గుణమునందే ప్రమాదము గూడ పొంచియున్నది. తెరపై కనబడునది ఒక్క రైతు, ఒక్క చేను, ఒక్క కారు. ప్రక్కనే పాతపద్ధతిని సాగుచేసిన మడి చూపబడనిచో, పంట పండినది పద్ధతివలననా, సమయమునకు పడిన వానవలననా అను సంగతి తేలదు. ప్రయోగశాలలో ఒకే పరిశీలనపై సూత్రము చేసిన విద్యార్థిని ఉపాధ్యాయుడు మందలించును గదా! అదే తప్పును తెర చేసినచో మాత్రము చప్పట్లు కొట్టుట ఏమి న్యాయము? పైగా ఎందరు పద్ధతిని చేపట్టిరను లెక్కయే కార్యకర్త సమర్థతకు కొలత యైనచో, ఎందరు చేపట్టి నష్టపోయిరను లెక్క ఎవరి పుస్తకములోను చేరదు.

మనుష్యులపై జరుపు పరిశోధనలకై 1979లో అమెరికాలో వెలువడిన బెల్మాంట్ నివేదిక మూడు సూత్రములను చెప్పినది: వ్యక్తిని గౌరవించుట, మేలు చేయుట, న్యాయము పాటించుట. ఇవి దృశ్యపాఠమునకు గూడ వర్తించును. కెమెరా ముందు నిలిచిన రైతుకు తన బొమ్మ ఎచ్చటెచ్చట చూపబడునో తెలియవలెను. పాఠములో ఖర్చును, నష్టభయమును దాచరాదు. నష్టమంతయు పేదరైతుపై, కీర్తియంతయు సంస్థపై పడరాదు.

ఇందుకు పోల్చదగిన మరియొక ప్రయత్నము ఈ నేలమీదనే జరిగినది. 2003లో ప్రారంభమై, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో, స్వచ్ఛంద సంస్థలు అనంతపురముతో సహా ఏడు కరవు జిల్లాలలో భూగర్భజల యాజమాన్య పథకమును నడిపినవి. అందు రైతులే వానను కొలిచిరి, బోరుబావుల నీటిమట్టమును కొలిచిరి, డ్రమ్మును గడియారమును పెట్టుకొని నీటి ధారను లెక్కగట్టిరి. ఒక ఉదాహరణము: 200 లీటర్ల డ్రమ్ము 100 సెకండ్లలో నిండినచో ధార సెకనుకు 2 లీటర్లు. ఏడు గంటలు తోడినచో 50,400 లీటర్లు. ఆ నీరంతయు ఒక హెక్టారుపై పరచినచో లోతు సుమారు 5 మిల్లీమీటర్లే! ఈ లెక్క చేసిన రైతునకు వరి వేయవద్దని వేరొకరు ఉపదేశింపనక్కరలేదు.

ఈ పథకము ఎవరిని శాసింపలేదు. అదియే దాని నీతి, అదియే దాని బలహీనత గూడ. కొందరు తగ్గించుకొన్న నీటిని ప్రక్కవాడు క్రొత్త బోరు వేసి తోడుకొన్నచో ఆపుటకు దానికి అధికారము లేదు. అయినను కొన్ని ప్రాంతములలో నీటి తోడకము తగ్గినదని 2010లో ప్రపంచబ్యాంకు ప్రచురించిన నివేదిక గుర్తించినది.

ఈ రెంటిని కలుపుటయే మేలు. తెర మనిషిని చూపగలదు, కొలత నిజమును చూపగలదు. ప్రతి దృశ్యపాఠమును నేల రకము, విత్తిన తేది, ఆ కారులో పడిన వాన, పెట్టిన ఖర్చు, ప్రక్కమడి దిగుబడి అను ఐదు సంగతులను తెలుపవలెను. పద్ధతి ఫలింపని చేను గూడ ఒకటి చూపవలెను. సేవాసంస్థల కార్యకర్తలకు నీతిని ప్రత్యేక పాఠముగా చెప్పుటకంటె, తాము తయారుచేయు ప్రతి పాఠములో సత్యమును పాటించుట నేర్పుట ఎక్కువ ఫలప్రదము.

ఉన్నత పాఠశాలలలో ఇది సులభముగా ప్రారంభింపవచ్చును. ఇట్టి వీడియో నొకదానిని తరగతిలో చూపి, "ఇందులో చెప్పనిది ఏది?" అని విద్యార్థులను అడిగిన చాలును. ఆ ప్రశ్న అడుగ నేర్చిన బాలుడు రేపు సేవాసంస్థలో పనిచేసినను, చేలో పనిచేసినను, ఇతరులను మోసగింపడు, తాను మోసపోడు.