గుండె గీతను చదువు యంత్రము: ఒక విమర్శ

గుండె కొట్టుకొనునపుడెల్ల అందులో స్వల్పమైన విద్యుత్తు పుట్టును. దానిని గీతగా చూపునదే ఇ.సి.జి. ఈ విద్యలో కృషికి హాలెండు శాస్త్రజ్ఞుడు ఐంథోవెన్ 1924లో నోబెల్ బహుమతి పొందెను. అయితే ఆ గీతను చదువుటకు అనుభవము గల వైద్యుడు కావలెను.

ఆ చదువును యంత్రమునకు నేర్పితిమని 2019లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమునకు చెందిన హన్నూన్, రాజ్‌పుర్కర్, వారి సహచరులు 'నేచర్ మెడిసిన్' పత్రికలో ప్రకటించిరి. అమెరికాలో 53,549 మంది రోగుల నుండి సేకరించిన 91,232 గీతలను, వాటి లయల పేర్లతో సహా, కంప్యూటరుకు చూపిరి. నియమములేవియు చెప్పలేదు. తప్పు చేసినపుడెల్ల అది తన లోపలి గుణకములను కొద్దికొద్దిగా సవరించుకొనుచు నేర్చుకొనెను. దీనినే డీప్ లెర్నింగ్ అందురు. పిదప 328 మంది క్రొత్త రోగుల గీతలతో పరీక్షింపగా, పూర్తి మార్కు 1 అనుకొన్నచో, యంత్రమునకు 0.837, హృద్రోగ వైద్యులకు సగటున 0.780 వచ్చినవి.

ఇది శ్రద్ధతో చేసిన పరిశోధన. పరీక్షలో సరియైన జవాబును ఒక్కరి మాటపై గాక నిపుణుల సంఘముచే నిర్ణయింపజేయుట మెచ్చదగినది. కాని దీనినిబట్టి యంత్రము డాక్టరును మించినదనుట అతిశయోక్తి. అది గుర్తించినది గుండె లయలను మాత్రమే. ఆ గీతలు ఛాతీపై అంటించు పట్టీ నుండి ఒకే లీడుతో తీసినవి. గుండెపోటును నిర్ధారించుటకు సాధారణముగా 12 లీడుల ఇ.సి.జి. తీయుదురు. వైద్యుడు రోగి నొప్పిని, వయస్సును, వాడు మందులను కూడ విచారించును.

ఈ భేదము కోనసీమ వంటి ప్రాంతమునకు ముఖ్యమైనది. 2003–04లో ఉభయ గోదావరి జిల్లాల 45 గ్రామములలో జరిగిన సర్వేలో, మరణములలో 32 శాతము గుండె, రక్తనాళముల వ్యాధులవేనని తేలినది. వరదలలో పడవపై ఏటిపాయ దాటి అమలాపురము చేరవలసిన లంక గ్రామస్థునకు ఇట్టి యంత్రము ఎంతో మేలు చేయగలదు. అయితే దాని పొరపాటు ఖరీదును కూడ అతడే భరించవలెను.

ఒక లెక్క చూడుడు. రాజోలు ప్రాంతమున 1,000 మందిని పరీక్షించిరనుకొందము. వారిలో 10 మంది రోగులనుకొందము. యంత్రము రోగులలోను, ఆరోగ్యవంతులలోను నూటికి 90 మందిని సరిగా గుర్తించునదైనచో, 9 మంది రోగులు దొరుకుదురు, ఒకరు తప్పిపోవుదురు. మిగిలిన 990 మందిలో 99 మందికి వ్యర్థముగా హెచ్చరిక వచ్చును. అనగా 108 హెచ్చరికలలో నిజమైనవి 9 మాత్రమే!

కావున దూరదేశపు మార్కులు చూచి యంత్రమును నమ్మరాదు. ఇక్కడి రోగులపై దానిని పరీక్షించి, తప్పిన కేసుల లెక్కను కూడ ప్రకటింపవలెను. ఉపాధ్యాయులు పై లెక్కను తరగతిలో వేయించినచో, ఇట్టి వార్తలను తూచి చదువుట విద్యార్థులకు అలవడును.