దిక్కు మారే ముందు

కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో బోరు మోటరున్న రైతుకు ఒక కిటుకు బాగా ఎరుక. ట్రాన్స్‌ఫార్మర్ మార్చినంక మోటరు ఉల్టా తిరిగి నీళ్లు సన్నగా పోస్తే, కరెంటు బందు చేసి, స్టార్టర్ డబ్బాలో ఏవైనా రెండు ఫేజుల వైర్లను ఒకదాని తావులోకి ఇంకొకటి మారుస్తారు. మోటరు సక్కగా తిరుగుతుంది. మూడింటినీ వరుసగా ఒక్కో తావు జరిపితే మాత్రం దిక్కు మారదు. రెండు మార్చితేనే మారుతుంది. ఎన్నిసార్లు తలచుకున్నా నాకు తనివితీరని అందమిది.

ఎరుపు, పసుపు, నీలం ఫేజులు ఒకదాని వెనక ఒకటి ఉప్పొంగుతుంటే, కదలని ఇనుము నడుమ అయస్కాంత క్షేత్రం గిరగిరా తిరుగుతుంది. 1880లలో ఇటలీలో ఫెరారిస్, అమెరికాలో టెస్లా ఎవరికి వారుగా ఈ సంగతి కనిపెట్టారు. 1889లో దొలివో-దొబ్రొవోల్‌స్కీ దానికి మూడు ఫేజుల మోటరు రూపమిచ్చాడు. వరుస మారితే ఆ క్షేత్రం ఎదురు తిరుగుతుంది, మోటరులో తిరిగే భాగమైన రోటరు దాని వెంట నడుస్తుంది.

బోరుకు ఆ మార్పు ఎప్పుడో ఒకసారి చాలు. గుడ్డను ఒక రోలరు నుంచి మరో రోలరుకు, మళ్లీ వెనక్కు నడిపిస్తూ రంగు పట్టించే జిగ్గర్‌కు, బరువులెత్తి దించే క్రేనుకు అదే నిత్యకృత్యం. ఫేజులు మార్చేది కాంటాక్టర్ అనే కదిలే స్విచ్చు అయితే, ప్రతి మార్పుకూ టప్పున కొట్టుకుంటుంది, నిప్పురవ్వ లేస్తుంది, కాంటాక్టు కొంచెం కొంచెం అరిగిపోతుంది. 1957లో వచ్చిన థైరిస్టర్ అనే సెమీకండక్టర్ స్విచ్చులో కదిలేదేమీ లేదు. ఒక ఫేజు నేరుగా పోతుంది, మిగతా రెంటిని ముందుకు రెండు స్విచ్చులు, వెనక్కు రెండు స్విచ్చులు నడిపిస్తాయి. ఒక్కో స్విచ్చులో ఎదురెదురుగా అమర్చిన రెండు థైరిస్టర్లు. చప్పుడు లేదు, మెరుపు లేదు.

అసలు రసం ఇక్కడ మొదలవుతుంది. ఆన్ చేసేందుకు దాని గేటుకిచ్చే సంకేతం ఆపగానే థైరిస్టర్ ఆగదు. తనలో పారే కరెంటు సున్నాకు దిగేదాకా మోస్తూనే ఉంటుంది. 50 హెర్ట్జ్ సరఫరాలో అందుకు ఒక అరతరంగం, అంటే 10 మిల్లీసెకన్ల దాకా పట్టవచ్చు. ఆలోగా వెనక్కు నడిపే స్విచ్చు ఆన్ అయితే రెండు ఫేజులు నేరుగా ఢీకొంటాయి. అందుకే రెండు ఆజ్ఞల నడుమ ఖాళీ సమయం ఉంచుతారు. చాలు చివర నాగలి పైకెత్తి గానీ ఎడ్లను తిప్పని రైతు ఓర్పే ఆ ఖాళీలో నాకు కనిపిస్తుంది.

ఆ ఖాళీ స్విచ్చును కాపాడుతుంది. మోటరుకు మరింత వ్యవధి కావాలి. ఇంకా వడిగా తిరుగుతుండగానే ఎదురు దిక్కుకు లాగితే, స్టార్టింగులో లాగే దానికన్నా ఎక్కువ కరెంటు లాగుతుంది, షాఫ్టు అదురుతుంది. వడి తగ్గనిచ్చి తిప్పితే అదే యంత్రం హాయిగా వెనుదిరుగుతుంది.

థైరిస్టర్ స్వభావం ఎరిగి కట్టిన ప్యానెల్‌లో ప్రతి భాగానికీ అర్థముంటుంది. 415 వోల్టుల సరఫరా శిఖరం 587 వోల్టులు. దానిపై వచ్చే కుదుపులను తట్టుకునేందుకు 1200 వోల్టుల పరికరం. ఒక్కో స్విచ్చులో ఆంపియరుకు సుమారు ఒక వాట్ వేడి పుడుతుంది కనుక దాన్ని మోసే అల్యూమినియం రెక్కలు. థైరిస్టర్ చెడితే చాలాసార్లు తెరుచుకోకుండా అతుక్కుపోతుంది గనుక వేగంగా తెగే ఫ్యూజులు. ఆపినా సన్నగా కరెంటు కారుతుంది గనుక, చెయ్యి పెట్టే ముందు తాళం వేసే మెయిన్ స్విచ్. ముందుకు, వెనక్కు ఆజ్ఞలు ఒకేసారి వస్తే రెంటినీ తోసిపుచ్చే ఇంటర్‌లాక్.

ఒక్క భాగం తీసేసినా మోటరు తిరుగుతుంది, కొన్నాళ్లు. ఎవరూ మెచ్చని ఆ భాగాలన్నీ ఉంచి, ఆగడానికీ తిరగడానికంత విలువనిచ్చిన ఎలక్ట్రీషియన్‌ను కళాకారుడని పిలవడానికి నేను వెనుకాడను.