నూనె ఎక్కే దారి

కొత్తగా కట్టిన ఇంజన్‌లోకి నూనె తొలిసారి ఎక్కే ఆ కొన్ని నిమిషాలకు సాటి వచ్చే దృశ్యం మోటారు పనిలో మరొకటి లేదని నా నమ్మకం. అందరూ ఇంజన్ స్టార్టయ్యే క్షణం కోసం కాచుకుని ఉంటారు. ఆ చప్పుడులో ఆనందం ఉంది, కాదనను. కానీ అసలు అందం అంతకు ముందే, నిప్పూ పొగా లేకుండా జరిగిపోతుంది.

ఈమధ్య నగరిలో, రోడ్డు పక్క షెడ్డులో, ఒక పాత అంబాసిడర్ ఇంజన్ అలా నిండడం దగ్గరుండి చూశాను. ఈ రోడ్డుకు అంబాసిడర్ కొత్త కాదు. మద్రాసు నుంచి తిరుత్తణి, నగరి, పుత్తూరు మీదుగా తిరుపతికి యాత్రికులను మోసిన టాక్సీల్లో ఒకప్పుడు ఎక్కువగా కనిపించినవి ఇవే. 1944లో తెరిచిన తిరుమల మొదటి ఘాట్ రోడ్డునూ, 1974లో వచ్చిన రెండోదాన్నీ ఇంటిల్లిపాదినీ మూటాముల్లెనూ వేసుకుని ఎక్కిన బండ్లు. వాటి బానెట్ కింద ఏళ్ల తరబడి పనిచేసింది 1489 సీసీ పెట్రోలు ఇంజన్, బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వాళ్ల బి సిరీస్. ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ 2014లో ఈ కారు తయారీ ఆపేసింది. కాబట్టి ఇప్పుడు ఒక్కో ఇంజన్‌నూ ఇలా ఊళ్లలోనే మళ్లీ బతికించుకోవాలి.

బోర్ కొట్టించారు, క్రాంక్ గ్రైండింగ్ అయింది, కొత్త బేరింగులు పడ్డాయి. క్రాంక్‌ను మోసే పెద్ద బేరింగులు ఇందులో మూడే. షాఫ్టుకూ బేరింగుకూ మధ్య వదిలే సందు మిల్లీమీటరులో కొన్ని నూరో వంతులు. ఇంజన్ ఆయుష్షంతా ఆ సందులో ఉంది, ఆ సందులోనేమో ఇంకా ఏమీ లేదు.

ఆ ఖాళీ ఎంత ప్రమాదమో తెలియాలంటే 1883 దాకా వెళ్లాలి. ఇంగ్లండులో బీచమ్ టవర్ అనే ఇంజనీరు రైలు ఇరుసుల బేరింగుల మీద పరీక్షలు చేస్తూ, నూనె పోయడానికని బేరింగు నెత్తిన ఒక రంధ్రం తొలిచాడు. ఇరుసు తిరగ్గానే నూనె ఆ రంధ్రంలోంచి పైకి ఉబికింది. చెక్క బిరడా కొడితే దాన్నీ బయటికి తోసేసింది. అంత బరువు కింద నలిగిపోవాల్సిన నూనె, ఆ బరువునే ఎత్తి పట్టుకుందన్నమాట! 1886లో ఆస్బోర్న్ రేనాల్డ్స్ దాని లెక్క తేల్చాడు. తిరిగే షాఫ్టు తన ఒరుపుతోనే నూనెను ఇరుకులోకి లాక్కుని, ఆ పల్చటి పొర మీద తేలుతుంది. షాఫ్టును ఎత్తేది పంపు కాదు. పంపు నూనెను గుమ్మం దాకా తెచ్చి ఇస్తుంది, ఎత్తుకునేది షాఫ్టే. గుమ్మంలో నూనె లేనప్పుడు తిరిగిన ప్రతి చుట్టూ లోహం మీద గీతగా మిగులుతుంది. నగరి మగ్గాల వాళ్లకు ఇది విడమర్చి చెప్పనక్కర్లేదు. పడుగుకు గంజి పట్టించకుండా మగ్గం ఎక్కిస్తే ఒరుపుకు దారం ఏమవుతుందో వాళ్లు రోజూ చూసేదే.

చిక్కంతా ఆయిల్ పంపు దగ్గర. కొన్ని అమెరికా ఇంజన్లలో డెల్కో (డిస్ట్రిబ్యూటర్) ఊడదీసి, ఆ రంధ్రంలోంచి డ్రిల్ మెషీన్‌తో పంపును విడిగా తిప్పవచ్చు. బి సిరీస్‌లో ఆ సుఖం లేదు. పంపు లోపల, అడుగున ఉంటుంది, క్యామ్ షాఫ్టు తిరిగితేనే తిరుగుతుంది. పొడిగా ఉన్న పంపు గాలినే తిప్పుతూ కూర్చుంటుంది, నూనెను పీల్చలేదు. అందుకే షెడ్డు మేస్త్రి కింది ఛాంబర్ మూసేముందే పంపు నిండా వ్యాసెలిన్ కూరాడు. అది గాలి సందులు మూసి, తొలి చుట్లలోనే నూనెను పైకి లాగించి, వేడెక్కాక తానూ నూనెలో కరిగిపోతుంది. తన పని చేసి ఆనవాలు లేకుండా పోయే ఈ పూత నాకు ఎంతో నచ్చింది.

అక్కడితో ఆగినా తప్పులేదు. ఆయన ఆగలేదు. మామిడి తోటల్లో మందు కొట్టే చేతి పంపు, మందు ఎరగని కొత్తది ఒకటి తెచ్చి, నూనె నింపి, గేజి బిగించే రంధ్రానికి దాని గొట్టం కలిపాడు. "ప్లగ్గులన్నీ ఇప్పెయ్‌రా, బరువు లేకుండా తిరగల్ల" అన్నాడు కుర్రాడితో. ప్లగ్గులు లేకపోతే సిలిండర్లలో గాలి బిగుసుకోదు, బేరింగుల మీద ఒత్తిడి పడదు. కుర్రాడు ముందు బంపర్ దగ్గర హ్యాండిల్ పట్టుకుని నెమ్మదిగా తిప్పసాగాడు. తిప్పడమెందుకంటే, క్రాంక్ లోపలి సన్నని దారులు బ్లాకులోని దారులకు ఎదురుపడినప్పుడు నూనె ముందుకు సాగుతుంది.

ఇక కంటికి కనిపించని ప్రయాణం. పెద్ద గ్యాలరీ నిండుతుంది. మూడు మెయిన్ బేరింగులు తడుస్తాయి. అక్కడినుంచి క్రాంక్ కడుపులోంచి నాలుగు కనెక్టింగ్ రాడ్ల మొదళ్లకు, క్యామ్ బేరింగులకు, అక్కడినుంచి సన్నగా పైకి, హెడ్డులోంచి రాకర్ షాఫ్టుకు. చివరి మజిలీ అదే. ట్యాపెట్ కవర్ తీసి ఉంచారు కాబట్టి మనం చూడగలిగేది ఆ ఒక్కచోటే. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత ఒక రాకర్ మొదట్లో ఇనుము రంగు కొంచెం ముదిరింది. ఆ ముదురు మెరుపైంది, మెరుపు బొట్టైంది, బొట్టు జారి పుష్ రాడ్ వెంట కిందికి దిగింది. ఎనిమిది రాకర్లూ ఒక్కసారిగా తడవలేదు. ఒకటి ముందు, ఒకటి వెనక, చివరిది బాగా ఆలస్యంగా. ఆ చివరిదాని కోసం హ్యాండిల్ తిప్పుతూనే ఉన్నారు. ఆయిల్ ఎర్ర లైటు ఆరిందా లేదా అని డాష్‌బోర్డు చూసి తృప్తిపడేవాళ్లకు ఈ రుచి దొరకదు. కొద్దిపాటి ఒత్తిడికే ఆ లైటు ఆరిపోతుంది. నూనె చేరిందని చెప్పగలిగేది ఆఖరి రాకరే.

తర్వాత మందు పంపు తీసి గేజి బిగించి, ప్లగ్గులు లేకుండానే సెల్ఫ్ కొట్టారు. ముల్లు వణికి లేచి నిలబడింది. ఇక నిప్పు ఇవ్వడం చిన్న పని.

నిప్పు అందుకున్నాక కూడా మేస్త్రి ఇంజన్‌ను ఐడిలింగులో వదల్లేదు. ఇరవై నిమిషాల పాటు నిమిషానికి రెండు వేల చుట్ల దగ్గరే పట్టి ఉంచాడు. క్యామ్ ముక్కులకు పంపు నుంచి నేరుగా దారి లేదు. పైనుంచి పుష్ రాడ్ల వెంట జారేది, కింద క్రాంక్ విసిరి చిమ్మేది, ఆ నూనే వాటికి ఆధారం. నెమ్మదిగా తిరిగితే ఆ చిమ్ము చాలదు, కొత్త క్యామూ కొత్త ట్యాపెట్లూ ఒకదాన్నొకటి తినేస్తాయి.