1.74 వెనక ఉన్న పనితనం

1968లో బేస్‌బాల్ జట్టు సెయింట్ లూయిస్ కార్డినల్స్ పిచర్ బాబ్ గిబ్సన్ ఈఆర్‌ఏ 1.12. 2000లో బోస్టన్ రెడ్ సాక్స్ పిచర్ పెడ్రో మార్టినెజ్‌ది 1.74. ఫీల్డర్ల పొరపాట్లతో వచ్చిన పరుగులు తీసేసి, తొమ్మిది ఇన్నింగ్స్‌కు పిచర్ సగటున ఎన్ని పరుగులిచ్చాడో చెప్పే లెక్క ఇది. తగ్గేకొద్దీ గొప్ప. పక్కపక్కన పెట్టి చూస్తే పైచేయి గిబ్సన్‌దే. నా ఓటు మాత్రం పెడ్రోకి.

1968 పిచర్ల ఏడాది. అమెరికన్ లీగ్ బ్యాటింగ్‌లో అందరికన్నా ముందున్న కార్ల్ యాస్త్రెమ్‌స్కీ సగటే .301. గిబ్సన్ ఆడిన నేషనల్ లీగ్ సగటు ఈఆర్‌ఏ 2.99. బ్యాటర్లు మరీ చితికిపోతున్నారని, మరుసటి ఏడాది పిచర్ నిలబడే మౌండ్ ఎత్తును 15 అంగుళాల నుంచి 10కి దించారు. అలాగని గిబ్సన్ ఘనత తరగదు. అదే ఎత్తు మీద నుంచి విసిరినవాళ్లెవరూ ఆ ఏడాది అతని దరిదాపులకు రాలేదు.

పెడ్రోది తిరగబడిన కాలం. 2000లో హోమ్‌రన్లు వానలా కురిశాయి. అమెరికన్ లీగ్ సగటు ఈఆర్‌ఏ 4.91. లీగ్‌లో పెడ్రో తర్వాతి స్థానం రోజర్ క్లెమెన్స్‌ది: 3.70. మొదటివాడికీ రెండోవాడికీ మధ్య దాదాపు రెండు పరుగుల ఎడం! పైగా పెడ్రో సొంత మైదానం ఫెన్‌వే పార్క్, బ్యాటర్లు ఇష్టపడే చోటు.

అతని పని చూడండి. మనిషి ఆరడుగులైనా లేడు, బక్కపలచన. వేళ్లు మాత్రం పొడుగు. ఆ వేళ్లలో బంతిని లోతుగా పొదిగి పట్టి ఛేంజప్ అనే నెమ్మది బంతి విసిరేవాడు. చెయ్యి తిరిగే వేగం ఫాస్ట్‌బాల్‌కు ఎంతో దీనికీ అంతే. బ్యాటర్ చేతిని నమ్మి బ్యాట్ ఊపేస్తాడు, బంతి ఇంకా దారిలోనే ఉంటుంది. ఛేంజప్ కోసం కాచుకుంటే ఫాస్ట్‌బాల్ దూసుకుపోయేది. రెండిటికీ ఒకే కదలిక ఉంచడం, ఆ కదలికను సీజనంతా చెదరనివ్వకపోవడం: అసలు విద్య ఇదే. 217 ఇన్నింగ్స్‌లో 284 స్ట్రైకౌట్లు, వాక్‌లు 32 మాత్రమే. హిట్‌తోనో వాక్‌తోనో అతని మీద బేస్ చేరినవాళ్లు సగటున నాలుగు ఇన్నింగ్స్‌కు ముగ్గురు కూడా లేరు. అంత విచ్చలవిడిగా పరుగులొచ్చిన కాలంలో!

కాలం, మైదానం, తోటి పిచర్లు ఎదుర్కొన్న పరిస్థితి: వీటిని లెక్కలో వెయ్యాల్సిందే. జట్టు అదృష్టాన్ని మాత్రం ఆటగాడి ఖాతాలో రాయకూడదు. పెడ్రో ఆ ఏడాది 18 గెలిచి 6 ఓడాడు. మే 6న టాంపా బే మీద 17 మందిని స్ట్రైకౌట్ చేసి, 1-0తో ఓడిపోయాడు. అతను ఇచ్చింది ఒక్క పరుగు. అతని జట్టు బ్యాటర్లు ఆ ఒక్కటీ తేలేకపోయారు. ఆ ఓటమికి పెడ్రో పనితనంతో ఏం సంబంధం? ఓడిన ఆ ఆరు మ్యాచ్‌లనే విడదీసి చూసినా అతని ఈఆర్‌ఏ 2.44.

అదే ఏడాది నేషనల్ లీగ్‌లో అందరికన్నా మెరుగైన ఈఆర్‌ఏ కెవిన్ బ్రౌన్‌ది: 2.58.